వెనక పేజీల లెక్క

దుత్తలూరు సెంటర్లో
నా బండి ఆగితే ఎవరూ తిరిగి చూడరు.
ఆగకుండా పోయిన రోజు మాత్రం
టీకొట్టు చెంచురామయ్య గ్లాసు కడిగేది ఆపి
"ఏందబ్బయ్యా, బండి మార్చావా?" అంటాడు.

మార్చలేదు. అదే ఆమ్నీ.
కావలిలో ఏదో కాన్వెంటు వాళ్లు
ఇంక పిల్లలకు పనికిరాదని అమ్మితే
నీళ్ల క్యాన్లకు పనికొస్తుందని కొన్నా.
నలభై మూడు వేలు.
వెనకద్దం మీద 'స్కూలు పిల్లలు, నిదానం' అని
పసుప్పచ్చ అక్షరాలు ఇంకా పోలా.
ఇచ్చిన మాటల్లో అది నిలబెట్టుకున్నది
ఆ నిదానం ఒక్కటే.

మొదటి నెల క్లచ్చు వైరు.
రెండో నెల సెల్ఫు.
సెల్ఫు పోయినాక గానీ తెలియలా,
మిట్ట మీద ఇల్లు కట్టి మా తాత ఎంత మేలు చేశాడో.
పొద్దున్నే బ్రేకు వదిలితే చాలు,
మిగతాది వాలు చూసుకుంటుంది.
పల్లంలో ఆగితే మాత్రం
నలుగురు మగోళ్లు పోగయ్యేదాకా
ఓట్లకొచ్చిన వాడిలా
అందరికీ నవ్వు మొహం పెట్టాలి.

నాయబ్ షెడ్డులో వేపచెట్టు కింది జాగా మాదే.
సీటు లేపి, ఇంజను మీదికి వంగి,
నాడి చూసేవాడిలా కళ్లు మూసుకుంటాడు.
"చిన్న పనే సామీ" అంటే పదిహేను వందలు.
"చూద్దాం" అంటే నాలుగు వేలు.
ఏమీ అనకుండా బీడీ వెలిగించాడా,
నేను మాలకొండమ్మకు ఫోన్ చెయ్యాలి.

మా ఆవిడది ఒకటే నోటుబుక్కు.
ముందు నుంచి క్యాన్ల బాకీలు:
అంగన్‌వాడీ పన్నెండు, ఆరెంపీ మూడు,
పెళ్లింటి వాళ్లు నలభై
(ఆ పెళ్లికి బిడ్డ కూడా పుట్టి నడుస్తా ఉంది).
వెనక నుంచి బండి ఖర్చు:
బెల్టు, బేరింగు,
యాడుంటుందో నేనింతవరకూ చూడని బుష్షు,
నాలుగు సార్లు.
అవీ ఇవీ ఎదురెదురుగా నడుచుకుంటా వచ్చి
ఉగాదికి ముందే పిన్నుల దగ్గర గుద్దుకున్నాయి.
"ఇంక కాగితం లేదు" అంది,
అట్ట మీద రాసుకుంటా.
తిట్టలేదు.
తిట్టుంటే బాగుండేది.

రోహిణీకార్తె. నందిపాడు దాటాం, నేనూ ముప్పై క్యాన్లూ.
కాళ్ల కింద నుంచి పొగ.
పొగ కాదు, ఆవిరి.
రోడ్డు పక్క బోరు కొట్టి బకెట్టు నింపుకొచ్చి
మూత తియ్యబోతుంటే
ఫోన్లో నాయబ్ అరిచాడు:
"ఆ నీళ్లు పొయ్యబాక సామీ!
లోపలంతా గార పట్టుద్ది,
గొట్టాలు బిగుసుకుపోతాయి,
ఇంక దేనికీ పనికిరాదు.
మంచినీళ్లు పొయ్యి, మంచినీళ్లు!"

బకెట్టు కింద పెట్టా.
పక్కద్దంలో నా పళ్లు కనపడ్డాయి.
ముప్పై ఏళ్లు ఆ నీళ్లే తాగిన పళ్లు.
మా మేనమామను వెనక నుంచి పిలిస్తే
మెడ తిరగదు, మనిషంతా తిరుగుతాడు.
మాకు పోసేటప్పుడు
ఎవరూ ఫోన్లో అరవలేదు.

అంగన్‌వాడీకి పోవాల్సిన క్యాను సీలు తీసి పోశా.
సగం గటగటా తాగింది,
సగం తారు మీద కార్చింది.
కారిన చోటికి
ఎక్కడినుంచో ఒక గొర్రె వచ్చింది.
దాన్ని తోలబుద్ధి కాలా.

పామూరు పాత ఇనుమోడు పదకొండు వేలంటాడు,
అదీ బండి తనంతట తాను నడిచొస్తే.
నడవాలంటే రేడియేటరు మార్చాలి.
"రేడియేటరు మార్చినాక ఇంక అమ్మేదెందుకు?"
అంది మాలకొండమ్మ,
నిన్న తెచ్చిన కొత్త నోటుబుక్కు
వెనక్కి తిప్పి
తెరుస్తా.